అద్దానికి అవతల వదిన

తలుపు తోసుకుని స్టూడియోలోకి వచ్చిన మనిషిని చూసి పిల్లులత్త నోట్లో మాట నోట్లోనే ఉండిపోయిన చోట కదా మనం ఆగింది. ఆ మనిషి వేరెవరైనా అయితే ఇంత హడావిడి ఉండేది కాదు. వచ్చింది వదిన. పిల్లులత్త తన గొంతును నమ్ముకుని బతుకుతున్న ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ గుమ్మం తొక్కని వదిన, భుజానికి పెద్ద సంచీ తగిలించుకుని, ఎవరి మీదో ఫిర్యాదు చెయ్యడానికి వచ్చినట్టు అద్దానికి అవతల నిలబడి ఉంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. పిల్లులత్తకి ఆ పేరు పెట్టింది ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్ పిల్లలు. వయసు నలభై దాటింది. పనేమో కార్టూన్ బొమ్మలకి గొంతు అరువివ్వడం. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసి ఊరుకుంటుంది. ఇంట్లో ఆవిడతో పాటు మరో ముగ్గురున్నారు. కిటికీలో కూర్చుని వీధి మొత్తాన్ని పరిపాలించే ముసలి పిల్లి పెద్దాయన. ఎవరు ఏ కాగితం పరిచినా వచ్చి దాని మీద కూర్చునే మేనేజరు. ఈమధ్యే మెట్ల కింద దొరికిన బూడిదరంగు పిల్లికూన చిటికె. ఆ చిటికె ఇప్పుడు కనబడటం లేదు. వదిన ఇంటికొచ్చి "మనుషులుండే కొంపేనా ఇది" అని నోరు పారేసుకుని వెళ్ళిన రోజునుంచీ లేదు. తలుపు బార్లా తీసి పోయింది నువ్వేనని పిల్లులత్త ఫోన్లో వదినని కడిగి పారేసింది. అవతల్నుంచి సమాధానం రాలేదు, ఫోన్ పెట్టేసిన చప్పుడు మాత్రం వచ్చింది.

ఇప్పుడీ రాక. పోట్లాటకే అయ్యుంటుందని పిల్లులత్త అనుకుంది. పోట్లాటకి ఆవిడ వెనకాడే రకం కాదు కానీ, ఆ రోజు అంతకంటే పెద్ద తంటా ఒకటి నెత్తి మీద కూర్చుని ఉంది.

ఆ తంటా పేరు పిల్లుల ముసలమ్మ. పిల్లలు పళ్ళు తోముకోవడం కూడా మానేసి చూసే ఓ కార్టూన్లో వీధి చివరి ఇంటి గయ్యాళి. చీపురులాంటి జుట్టు, వంగిన నడుం, చిరుగుల శాలువా, చుట్టూ పిల్లుల మంద. ఎవరి బంతైనా ఆ పెరట్లో పడిందా, ఇక అంతే సంగతులు. ఆ బొమ్మ గీసినవాళ్ళు పిల్లుల్ని పెంచుకునే ఆడమనిషిని ఎవర్నీ దగ్గరగా చూసి ఉండరు. అలాంటావిడ ఎలా ఉంటుందని లోకం అనుకుంటుందో అలా గీసి పడేశారు. ఆ బొమ్మకి గొంతు కావాలన్నప్పుడు పిల్లులత్త ఈ పనికి కొత్త. వచ్చిన అవకాశాన్ని కాదనుకునే స్థితి కాదు. ఇంటికెళ్ళి, అప్పటికింకా కుర్రవాడిగానే ఉన్న పెద్దాయన ఎదురుగా కూర్చుని, రకరకాల గొంతులు పెట్టి చూసింది. చివరికి ఒకటి దొరికింది. కోపంగా మొదలై, అంతకంతకూ పైకి లేచి, చివర్లో పటుక్కున విరిగే గొంతు.

విన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు ఈ గొంతు అని ఎంతమంది అడిగినా పిల్లులత్త చెప్పలేదు. చెప్పుకునేలా ఉంటే కదా. అది అచ్చంగా వదిన గొంతు. గిన్నెలు ఎక్కడివక్కడ వదిలేశాడని అన్నయ్య మీద ఒంటికాలి మీద లేచినప్పటి గొంతు. ఈ రహస్యం తనకీ పెద్దాయనకీ తప్ప మూడోవాళ్ళకి తెలియదని ఆవిడ ధీమా.

గొంతు వదినదైనా, నవ్వులపాలైంది మాత్రం పిల్లులత్తే. చుట్టాలంతా కలిసిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఆ ముసలమ్మలా ఓ మాట చెప్పమనేవారు. అన్నయ్య అయితే అడిగించుకోకుండానే అనుకరించేవాడు. "చూశావా అమ్మాయ్, నీ ముసలితనానికి నువ్వే ముందుగా డబ్బింగ్ చెప్పుకుంటున్నావు" అని వదిన ఒకసారి అందరి ముందూ అంది. ఆ మాటకి పిల్లులత్త కూడా నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం చాలాసేపు మేనేజరుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అలాంటిది, ఈసారి వచ్చిన కొత్త భాగాల్లో ఆ ముసలమ్మ మారిపోయింది. పాత బొమ్మలు గీసినవాళ్ళు వెళ్ళిపోయి ఎవరో కొత్తవాళ్ళు వచ్చినట్టున్నారు. అదే వీధి, అదే చివరి ఇల్లు. కానీ ఇంటిముందు ఇప్పుడు సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉంది. అందులో పొట్టి జుట్టు, పైకి మడిచిన చేతులు, బుగ్గ మీద నూనె మరకతో ఓ నడివయసు మనిషి. ప్రతి సైకిలు బుట్టలోనూ ఓ పిల్లి. ఆ మనిషి నవ్వితే నోరంతా తెరిచి నవ్వుతుంది. తెర మీద మొదటిసారి ఆవిణ్ణి చూసినప్పుడు, ఎవరో తన ఇంటికొచ్చి, తనకి తెలియకుండా ఓ మూల కూర్చుని, అంతా చూసి వెళ్ళి గీశారనిపించింది పిల్లులత్తకి. ఒళ్ళు ఝల్లుమంది. చెప్పొద్దూ, అంత సంతోషం ఆవిడకి ఈమధ్య ఎప్పుడూ కలగలేదు.

ఆ సంతోషం మీద నీళ్ళు చల్లింది డైరెక్టరుగారు. గొంతు పాతదే కావాలన్నారు.

ఇక్కడ స్టూడియో సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇటువైపు, గోడలకి మెత్తలు అంటించిన చిన్న గది. అందులో ఓ మైకు, ఓ తెర, తెర ముందు పిల్లులత్త. అటువైపు, మధ్యలో అద్దం అడ్డంగా ఉన్న కంట్రోల్ రూమ్. అందులో డైరెక్టరుగారూ, రికార్డింగ్ చేసే చెవులాయనా. పక్క బిల్డింగ్‌లో ఫ్యాను కిర్రుమన్నా పట్టేస్తాడని ఆయనకా పేరు. అటువైపు వాళ్ళు బల్ల మీదున్న ఓ మీట నొక్కి మాట్లాడితేనే ఇటువైపు హెడ్‌ఫోన్లో వినబడుతుంది. మీట వదిలేస్తే అద్దం వెనక నోళ్ళు కదలడం కనిపిస్తుందంతే. పిల్లులత్త మైకు మాత్రం పని జరిగినంతసేపూ తెరిచే ఉంటుంది.

ఆ పూట చెప్పాల్సిన సన్నివేశం చిన్నది. ఓ పోలీసు దుకాణం ముందు ఆగి, ఇన్ని పిల్లులతో ఒక్కదానివీ ఎలా ఉంటున్నావమ్మా అని జాలిపడతాడు. ఆవిడ నోరారా నవ్వి, "ఒక్కదాన్ని ఎక్కడున్నానండీ, కూర్చోడానికి కుర్చీ దొరకడం లేదు" అంటుంది. అంతే. నిజంగానే అన్ని కుర్చీల్లోనూ పిల్లులే ఉంటాయి. ఈ చిన్న ముక్క పొద్దుటినుంచీ తెగడం లేదు. విరిగే గొంతుతో చెబితే తెర మీద నోరు నవ్వుతూ ఉంటుంది, మాట ఏడుస్తూ ఉంటుంది. కోపాన్ని తగ్గించి చెప్పింది, పెంచి చెప్పింది, ముక్కుతో చెప్పింది. పెదవులు కలిసినా నవ్వు కలవలేదు.

"ఇంకోసారి," అన్నారు డైరెక్టరుగారు మీట నొక్కి. వెనకాల నిలబడి ఉన్న వదినని ఆయన ఇంకా పట్టించుకోలేదు.

"డైరెక్టరుగారూ, ఆ నోట్లోంచి ఈ గొంతు రాదండీ."

"ఎందుకు రాదు? పిల్లలు టీవీ ముందు కూర్చునేదే ఆ గొంతు కోసం. వాళ్ళకి ముసలమ్మ కావాలి."

"బొమ్మలో ముసలమ్మ లేదు కదండీ."

"మీరు పెట్టండి. అందుకే కదా మిమ్మల్ని పిలిచింది." ఆయన గొంతు కొంచెం తగ్గించారు. "మీవల్ల కాకపోతే చెప్పండి. ఆ గొంతు దించెయ్యగలిగినావిడ ఒకరు మధ్యాహ్నం వస్తానన్నారు."

పాత్ర పోతుందన్న బాధ ఒకటే అయితే పిల్లులత్త దిగమింగేది. ఈ సైకిళ్ళావిడ నోట్లో వేరే ఎవరో ఆ పాత ముసలమ్మని కూర్చోబెట్టేస్తారు. ఇన్నాళ్ళకి ఎవరో ఓ మంచి బొమ్మ గీశారు కదా అనుకుంటే, ఇక దాన్నీ చూసి నవ్వుతారు. అలా కాకూడదంటే మధ్యాహ్నంలోపు ఈయన్ని ఒప్పించాలి. ఎలాగో ఆవిడకి తోచలేదు. పైగా అద్దం అవతల వదిన. ఇప్పుడు తను మళ్ళీ ఆ గొంతు పెడితే, వినేది ఆ గొంతు అసలు సొంతదారు.

పెట్టింది. పెట్టక తప్పలేదు. ఈసారి మరీ ఘోరంగా వచ్చింది. డైరెక్టరుగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చేతిలోని కప్పుని బల్ల మీద ఠపీమని పెట్టారు. టీ ఎగిరి ఆయన చొక్కా మీదా, బల్ల మీదున్న మీటల మీదా పడింది. ఆయన చొక్కా దులుపుకుంటూ, ఏదో తిట్టుకుంటూ, కడుక్కోవడానికి బయటికి వెళ్ళారు. వదిన హాయిగా ఆయన కుర్చీలో కూర్చుని, సంచీని జాగ్రత్తగా ఆయన మాట్లాడే మైకు పక్కన బల్ల మీద పెట్టింది. చెవులాయన గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు.

తుడిచాడు కానీ, డైరెక్టరుగారు టీలో చక్కెర దండిగా వేసుకుంటారు. తుడుస్తుంటే నొక్కుకుపోయిన మాట మీట, ఆ పాకానికి నొక్కింది నొక్కినట్టే అతుక్కుపోయింది. ఆ సంగతి అటు ఇద్దరికీ తెలియదు. ఇటు పిల్లులత్తకి మాత్రం హెడ్‌ఫోన్లో వదిన ఊపిరి కూడా వినబడుతోంది.

"మీరు ఆవిడకేమవుతారండీ?" అని అడిగాడు చెవులాయన.

"అన్నయ్య భార్యని. అంటే ఆవిడ లెక్కలో తలుపు తీసి పోయినదాన్ని."

పిల్లులత్త చెయ్యి హెడ్‌ఫోన్ దాకా వెళ్ళింది. చాటుగా వినకూడదని ఆవిడకి తెలుసు. అద్దం మీద తట్టి చెప్పొచ్చని కూడా తెలుసు. చెయ్యి దించేసింది. మనమైనా అదే చేసి ఉండేవాళ్ళం.

"ఇందాకటి గొంతు ఎవరిదో తెలుసా మీకు?" అంది వదిన.

"ఎవరిదేంటండీ, ఆవిడదే."

"కాదు. నాది."

చెవులాయన తుడవడం ఆపాడు. అద్దానికి ఇవతల పిల్లులత్త మొహంలో రంగు మారింది. కాళ్ళ కింద నేల చీలితే బాగుండునని మనుషులు ఎందుకనుకుంటారో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"టీవీలో మొదటిసారి విన్నప్పుడే నాకు తెలిసిపోయింది," వదిన మామూలుగానే చెబుతోంది, ఎవరి కథో చెబుతున్నట్టు. "మా ఆయన సోఫాలోంచి జారిపడేలా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుంది కదండీ. అప్పట్నుంచీ ఇంట్లో గట్టిగా మాట్లాడాలంటే బెరుకు. ఎక్కడ ముసలమ్మలా వినబడతానో అని. ఆ ఉక్రోషమంతా ఆవిడ మీద చూపించేదాన్ని. ఇల్లు పిల్లుల కంపు అనేదాన్ని, మొగుడూ పిల్లలూ లేక పిచ్చి పట్టిందనేదాన్ని. కంపూ లేదు, పిచ్చీ లేదు. ఆ ఇల్లు మా ఇంటికంటే శుభ్రంగా ఉంటుంది."

సంచీ మీద వదిన చెయ్యి మెల్లగా కదులుతోంది.

"మొన్న వెళ్ళినప్పుడు బెల్లు కొట్టబోయి ఆగిపోయాను. లోపల్నుంచి నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ఎవరో వచ్చారు, నన్ను పిలవలేదు అనుకున్నా. తీరా చూస్తే ఆవిడా ఆ పిల్లులూ తప్ప ఎవరూ లేరు. ఒకటి కర్టెన్ పట్టుకుని వేలాడుతోంది, ఇంకొకటి ఆవిడ కళ్ళజోడు మీద కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో ఇద్దరు మనుషులం ఉన్నాం. నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో గుర్తు కూడా లేదు. ఒక్కతే ఉండే ఇంట్లోంచి అంత నవ్వు ఎలా వస్తుందండీ? ఆ మంటలో నోటికొచ్చినట్టు మాట్లాడేశాను."

పిల్లులత్త కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళుగా వదిన తనని చూసి జాలిపడుతోందనో, అసహ్యించుకుంటోందనో అనుకుంది. అసూయపడుతోందని కల్లో కూడా అనుకోలేదు. తను అడక్కుండా ఎత్తుకొచ్చిన గొంతు ఇంకో ఇంట్లో ఇంకో మనిషిని ఇలా మూగదాన్ని చేసిందని అసలే అనుకోలేదు. సిగ్గూ ప్రేమా రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు చెవులాయన చెయ్యెత్తి. "ఎక్కడో గుర్రుమంటోంది."

ఆయన చెవులు ఊరికే ఆ పేరు తెచ్చుకోలేదు. నిజంగానే హెడ్‌ఫోన్లో కూడా ఓ సన్నని గుర్రు మొదలైంది. ఏ వైరో కరెంటు లాగుతోందని ఆయన ఒక్కో వైరూ పీకి, ఊది, మళ్ళీ పెట్టాడు. గుర్రు ఆగలేదు. బల్ల కింద దూరాడు. అక్కడ తల తగిలింది. దీపం ఆర్పి చూశాడు, వెలిగించి చూశాడు. తల పట్టుకుని మూలమూలలా చెవి ఒగ్గి తిరుగుతుంటే, సంచీని ఒళ్ళోకి లాక్కోబోయి, మళ్ళీ కదిపితే తెలిసిపోతుందని వదిన బిగుసుకుపోయింది.

కానీ ఆ గుర్రు కొంచెం దూరం వెళ్ళి, ఆగి, పాత స్కూటరుకి కిక్కు కొట్టినట్టు మళ్ళీ మొదలవుతోంది. ప్రపంచంలో అలా గుర్రుమనే ప్రాణి ఒక్కటే ఉంది. పిల్లులత్త అద్దానికి మొహం ఆనించి చూసింది. సంచీ జిప్పు చివర, వదిన వేళ్ళ సందులోంచి, బూడిదరంగు చెవి ఒకటి బయటికొచ్చి గాలిని పరీక్షిస్తోంది.

చిటికె.

ఏడుపు రావాల్సిన చోట నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు. పోయిందనుకున్నది వదిన సంచీలో దొరికిందన్న నవ్వు. ఇన్నాళ్ళూ తనని వేలెత్తి చూపిన మనిషి పిల్లిని దాచుకుని దొంగలా కూర్చుందన్న నవ్వు. నుదురు రుద్దుకుంటూ మూలలు వెతుకుతున్న చెవులాయనని చూసి మరీ నవ్వు. కళ్ళలో నీళ్ళు కారుతుండగా, నోరంతా తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది.

మైకు తెరిచే ఉంది, రికార్డింగూ నడుస్తోంది. తెర మీద సన్నివేశం తిరుగుతూనే ఉంది. చెవులాయన ఉలిక్కిపడి తెరవైపు చూశాడు. సైకిళ్ళావిడ నోరు తెరిచింది, ఆ నోట్లోంచి పిల్లులత్త నవ్వు వచ్చింది. ఎక్కడా అతుకు లేదు.

"అమ్మా, ఆపకండి," అన్నాడు ఆయన గబగబా బల్ల దగ్గరికొచ్చి. "ఆ ఊపులోనే మాట కూడా చెప్పెయ్యండి."

పిల్లులత్త చెప్పింది. గొంతు మార్చలేదు, వంచలేదు, విరవలేదు. పొద్దున్నే పెద్దాయనని కిటికీలోంచి దిగమని బతిమాలే గొంతుతో, మేనేజరుతో కాగితాల కోసం తగువులాడే గొంతుతో, నవ్వు ఇంకా తడితడిగా ఉండగానే చెప్పింది. "ఒక్కదాన్ని ఎక్కడున్నానండీ, కూర్చోడానికి కుర్చీ దొరకడం లేదు!"

చెప్పి తలెత్తేసరికి గుమ్మంలో తడి చొక్కాతో డైరెక్టరుగారు. ఎంతసేపట్నుంచి నిలబడ్డారో. మళ్ళీ వినిపించమన్నారు. చెవులాయన వినిపించాడు. ఇంకోసారన్నారు. ఇంకోసారి వినిపించాడు. ఆయన తెరనే చూస్తూ నిలబడ్డారు.

"బాగుంది," అన్నారు చివరికి, బాగోలేదన్న గొంతుతో. "కానీ పిల్లలు అడుగుతారు, మా ముసలమ్మ ఏదని."

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని పిల్లులత్తకి తెలుసు. మైకు దగ్గరికి జరిగింది. మాట డైరెక్టరుగారితో అన్నా, చూపు మాత్రం ఆయన పక్కనున్న మనిషి మీదే ఉంది.

"అడగనివ్వండి. ఆ ముసలమ్మని పుట్టించింది నేనే డైరెక్టరుగారూ. నలుగురూ నవ్వుతారని నా మొహానికి నేనే మసి పూసుకున్నాను. దానికి ఇంకొకరి గొంతు అడక్కుండా లాక్కున్నాను. అది తప్పు. ఆ గొంతు ఇవాళ తిరిగిచ్చేస్తున్నాను. ఈ బొమ్మలో మనిషి బాధల్లేకుండా బతుకుతోందని కాదు, హాయిగా బతుకుతోంది. అలాంటివాళ్ళం చాలామందిమి ఉన్నాం. మా నవ్వు ఇలాగే ఉంటుంది. మీకు వద్దంటే ఇంకొకరిని పిలవండి, నేనేమీ అనను. కానీ ఆ నోటిచేత ఏడిపించడం వాళ్ళవల్లా కాదు."

డైరెక్టరుగారికి కోపం ఎంత తొందరగా వస్తుందో, పని తెలిసినవాడు కాబట్టి నిజం అంత తొందరగానూ కనిపిస్తుంది. "బొమ్మని చూసి గొంతు వెతకాల్సినవాణ్ణి," అన్నారు తనలో తాను, "గొంతు కోసం బొమ్మతో పోట్లాడుతున్నాను." అని కూర్చోబోయారు. ఆయన కుర్చీలో వదిన. చెవులాయన కుర్చీలో టీ తుడిచిన తడి గుడ్డ. మూడో కుర్చీ మీద, ఎప్పుడు దిగిందో, ఓ బూడిదరంగు పిల్లికూన తీరిగ్గా ఒళ్ళు నాక్కుంటోంది.

"ఇది ఎవరిది? ఇదేంటిక్కడ? నేనెక్కడ కూర్చోవాలి?" అన్నారాయన.

అటూ ఇటూ ఒక్కసారే నవ్వులు. ఏం జరిగిందో అర్థమయ్యాక ఆయన కూడా ఆపుకోలేకపోయారు. మధ్యాహ్నం వచ్చే ఆవిడకి ఫోన్ చేసి ఇక అక్కర్లేదని చెప్పమని చెవులాయనకి పురమాయించారు. కొత్త భాగాలన్నీ ఈ గొంతుతోనే అన్నారు. పిల్లులత్త హెడ్‌ఫోన్ తీసి మేకుకి తగిలించింది. ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఎందరి గొంతులో పలికింది. తన గొంతుతో పలకడం ఇదే మొదలని తలుచుకుంటే ఆవిడకే వింతగా అనిపించింది.

బయటికొచ్చి ముందు చిటికెని ఎత్తుకుంది. అది ఆవిణ్ణి వాసన చూసి, గుర్తుపట్టి, చెంగున దూకి మళ్ళీ వదిన ఒళ్ళోకి ఎక్కింది.

"దొంగతనం చేశావా వదినా?"

"నేనేం చెయ్యలేదు. దానంతటదే ఎక్కింది. ఇంటికెళ్ళి సంచీ విప్పితే అడుగున ముడుచుకుని నిద్రపోతోంది," వదిన కళ్ళెత్తకుండా చెప్పింది. "మర్నాడు తెచ్చిచ్చేద్దామనుకున్నా. ఈలోగా నువ్వు ఫోన్ చేసి చడామడా తిట్టావు. కోపం తగ్గాక ఇద్దామని ఊరుకున్నా."

"తగ్గలేదా మరి?"

"ఆ పూటే తగ్గింది. కానీ అప్పటికి ఇది నా మోకాళ్ళ మీద పడుకోవడం మరిగింది. నేను అరిచినా బెదరదమ్మాయ్. గిన్నెలు సర్దుతూ ఓ రోజు గట్టిగా అరిచాను. ఇది వచ్చి నా మొహంలోకి చూసి ఆవులించింది. నవ్వొచ్చింది నాకు. వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వాను. మీ అన్నయ్య వచ్చి ఏమైందని అడిగాడు."

పిల్లులత్త వదిన పక్కన నేల మీదే చతికిలబడింది. ఆ గొంతు సంగతి తను విన్నానని చెప్పింది. మీట అతుక్కుపోయిన సంగతీ చెప్పింది. క్షమించమని అడిగింది. వదిన మొహం ఎర్రబడి, తరవాత మెత్తబడింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వాళ్ళ చేతుల మీద చిటికె గడ్డం ఆనించి పడుకుంది.

"అయితే అన్నయ్య ఊరుకున్నాడా?" అని అడిగింది పిల్లులత్త కాసేపటికి. "వాడికి పిల్లి బొచ్చంటేనే తుమ్ములు కదా."

వదిన నీళ్ళు నమిలింది. లేచి తలుపు తీసింది. వరండాలో గోడవారగా ఓ పెద్ద సూట్‌కేసు ఉంది. దాని మీద మడత పెట్టిన దుప్పటి, ఆ పైన చిన్న పాల గిన్నె.

"రాత్రి తేల్చి చెప్పాడు. ఇంట్లో ఆ పిల్లి అయినా ఉండాలి, నేనైనా ఉండాలి, ఎవరు కావాలో తేల్చుకో అన్నాడు." వదిన చిటికెని భుజం మీదికి తీసుకుంది. "తేల్చుకున్నాను."

పిల్లులత్త నోరు తెరిచింది. అన్నిరకాల గొంతులు పలికిన ఆ నోట్లోంచి ఒక్క గొంతూ బయటికి రాలేదు. అప్పుడే పిల్లులత్త ఫోన్ మోగింది. అన్నయ్య. మోగి మోగి ఆగిపోయి, ఊపిరి పీల్చుకునే లోపు మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఎత్తాలా వద్దా అన్నట్టు వదినవైపు చూసింది.

వదిన చెయ్యి చాచింది. మాట్లాడేటప్పుడు గొంతు కోపంగా మొదలై, అంతకంతకూ పైకి లేచి, చివర్లో పటుక్కున విరిగింది. ఈసారి ఆవిడ దాన్ని దాచుకోలేదు.

"ఇలా ఇవ్వు అమ్మాయ్. నా గొంతుకి ఇవాళ నేనే డబ్బింగ్ చెప్పుకుంటాను."